గ్రహానికి కొలత ఇవ్వండి

2006 ఆగస్టు 24న ప్రాగ్ నగరంలో అంతర్జాతీయ ఖగోళ సంఘం మహాసభ ముగింపుకు వచ్చింది. హాల్లో మిగిలిన శాస్త్రజ్ఞులు పసుపు కార్డులు పైకెత్తి, సౌరకుటుంబంలో గ్రహాలు ఎనిమిదే అని తేల్చేశారు. ఓటింగులో పాల్గొన్నది 424 మంది. సంఘం సభ్యులు అప్పటికే తొమ్మిది వేల పైచిలుకు. సభకు వచ్చినవాళ్లలోనే చాలామంది పెట్టెలు సర్దుకుని వెళ్లిపోయారు. ప్లూటోను కొత్త వర్గంలో వేసే తీర్మానానికి అనుకూలంగా 237 చేతులు లేచాయి, వ్యతిరేకంగా 157, తటస్థంగా 17. ఆ చేతులు దిగేసరికి ప్రపంచంలో ప్రతి బడిలోనూ ఒక పాఠం మారిపోయింది.

ప్లూటో పోయిందని బాధపడేవాళ్లలో నేను లేను. ఆ నిర్ణయం సరైనదే, ఇంకా ముందే జరగాల్సింది. నా కోపమంతా ఆ రోజు రాసుకున్న వాక్యం మీద. గ్రహాన్ని ఎలా కొలిచి గుర్తుపట్టాలో చెప్పమంటే పేర్ల పట్టిక రాసిచ్చారు. ఇన్నేళ్లయినా దాన్ని ఎవరూ సరిదిద్దలేదు. ఆ పట్టికనే మన పాఠ్యపుస్తకాలు ఎత్తిరాసుకుని, పిల్లల చేత వల్లె వేయించి, మార్కులు వేసి, సైన్సు నేర్పామని చెప్పుకుంటున్నాయి. ఇది పిల్లలకు చేస్తున్న అన్యాయం. మెత్తగా చెప్పడానికి నాకు మనసు రావడం లేదు.

నేను రాస్తున్నది అరసికెరె నుంచి. హాసన్ జిల్లాలో రైల్వే జంక్షన్ ఉన్న ఊరనుకునేరు, మాది తుమకూరు జిల్లా పావగడ తాలూకా అరసికెరె. కర్ణాటకలో ఉన్నామన్నమాటే గానీ మా తాలూకాకు మూడు వైపులా ఆంధ్రా. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడం, సంతలో రెండూ. గ్రహం అనే మాట మాకు ఆకాశంలో ఎక్కడో ఉన్నదాని పేరు మాత్రమే అయితే ఇంత బాధ ఉండేది కాదు. శనివారం వస్తే పావగడ శని మహాత్మ గుడికి జనం విరగబడతారు. నువ్వుల నూనె దీపాల పొగకు కళ్లు మండుతుంటాయి, చేతుల్లో నల్లగుడ్డ, నల్లనువ్వులు, మొక్కు తీర్చుకోవడానికి పొరుగు జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలు. మా దగ్గర పెళ్లి ముహూర్తానికి గ్రహం అడ్డం, బోరు వేయించాలంటే గ్రహం అడ్డం, కొడుకు ఉద్యోగానికి గ్రహం అడ్డం. గ్రహం అంటే ఏమిటో తేల్చుకోవాల్సిన అవసరం ప్రాగ్‌లో కార్డులెత్తినవాళ్ల కన్నా మాకే ఎక్కువ.

అట్లాంటి చోట పెరిగే పిల్లకు అవ్వ నవగ్రహాలని తొమ్మిది పేర్లు చెబుతుంది. బళ్లో ఎనిమిది చెబుతారు. వాళ్ల నాన్న చదువుకున్న రోజుల్లో బళ్లో కూడా తొమ్మిదే, అయితే ఆ తొమ్మిది వేరు. మూడు పట్టికలు. ఏ పట్టికనైనా ఏ లెక్కన తయారుచేశారో ఆ పిల్లకు ఎవరూ చెప్పరు. నేను చూసిన పుస్తకాల్లో దూరాలున్నాయి, ఉపగ్రహాల సంఖ్యలున్నాయి, రంగు బొమ్మలున్నాయి. ఎనిమిదే ఎందుకు అన్నదానికి ఒక్క వాక్యం, అదీ సభలో నిర్ణయించారని.

ఈ సందు దొరికితే చాలు, జ్యోతిషం అమ్ముకునేవాళ్లు దూరిపోతారు. మీ సైంటిస్టులు మొన్నటిదాకా తొమ్మిదన్నారు, రాత్రికి రాత్రి ఎనిమిదన్నారు, మా నవగ్రహాలు ఏనాడైనా మారాయా అంటారు. ఈ వాదన ఎన్నిసార్లు విన్నానో. విన్నప్పుడల్లా పక్కన కూర్చున్న బీఎస్సీ చదివిన కుర్రాడు కూడా తలూపడం చూశాను. వాడి తప్పేముంది? వాడికి బడిలో ఇచ్చింది కూడా పట్టికే. పట్టికకు పట్టిక పోటీ పెడితే పాతదానికే మర్యాద ఎక్కువ.

కానీ ఆ వాదన అబద్ధం. అది మన పూర్వులకే అవమానం. వాళ్లు కొలిచినవాళ్లు. కదలని చుక్కల మధ్య కదిలేవాటిని ఏరి పెట్టుకున్నారు: సూర్యుడు, చంద్రుడు, కుజుడు, బుధుడు, గురుడు, శుక్రుడు, శని. చంద్రుడి దారి సూర్యుడి దారిని దాటే రెండు బిందువులకు రాహువు, కేతువు అని పేర్లు పెట్టారు, ఎందుకంటే గ్రహణం ఎప్పుడు పడుతుందో చెప్పాలంటే ఆ బిందువులు ఎక్కడున్నాయో తెలియాలి. అవి దాదాపు 18.6 ఏళ్లలో వెనక్కి ఒక చుట్టు తిరుగుతాయి. గ్రహణాలు నీడల వల్లనే వస్తాయని ఆర్యభటుడు 499లోనే రాశాడు. అందరూ భయపడే ఏలినాటి శనిని తీసుకోండి. శని ఒక చుట్టు తిరగడానికి 29 ఏళ్ల 5 నెలల దాకా పడుతుంది. పన్నెండు రాశులకు పంచితే రాశికి రెండున్నర ఏళ్లు. మూడు రాశులకు ఏడున్నర. ఆ ఏడున్నరేళ్లు శని పగబట్టాడో లేదో గానీ, ఆ అంకె మాత్రం ఎవరో తరాల తరబడి రాత్రులు మేలుకుని ఆకాశాన్ని చూసి కొలిచి పెట్టింది. దాన్ని కొలిచినవాడికి నేను దండం పెడతాను. దాన్ని చూపించి తాయెత్తు అమ్మేవాడికి పెట్టను.

లెక్కలు మారలేదన్నది కూడా నిజం కాదు. మద్రాసు వేధశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి 1867లో, వెలుగులో హెచ్చుతగ్గులు కనిపించే ఆర్ రెటిక్యులై అనే నక్షత్రాన్ని పట్టుకున్నాడు. 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటబోతున్నాడని జనానికి ముందే చెప్పడానికి చిన్న పుస్తకం రాశాడు, అది కన్నడంలో కూడా వచ్చింది. ఆయన పంచాంగకర్తలతో పోరాడింది ఒక్క విషయం మీదే: కంటికి కనిపించే గ్రహం ఒకచోట, పంచాంగంలో రాసిన గ్రహం ఇంకోచోట ఉంటే సరిదిద్దాల్సింది పంచాంగాన్నే అని. దృగ్గణితం ప్రకారం పంచాంగం వేయించాడు. అందుకోసం సొంతవాళ్లతోనే తగువు పడ్డాడు. నూటయాభై ఏళ్ల కిందట మనవాడు అడిగిన ప్రశ్నే ఇప్పుడు ప్రాగ్ తీర్మానాన్ని అడుగుతున్నాను. నువ్వు రాసింది చూసినదానితో సరిపోతోందా?

శాస్త్రం ఒక వస్తువును గ్రహాల్లోంచి తీసేయడం ప్లూటోతో మొదలు కాలేదు. 1801 జనవరి 1న పలెర్మోలో పియాజీ సెరెస్‌ను చూశాడు. కుజుడికీ గురుడికీ మధ్య కొత్త గ్రహం దొరికిందని పండగ చేసుకున్నారు. మరుసటి ఏడాది పల్లాస్, 1804లో జూనో, 1807లో వెస్టా దొరికాయి. వీటన్నిటినీ గ్రహాలనే రాసుకున్నారు. 1845 తర్వాత తుట్టె కదిలింది, ఏటా కొత్తవి. మన మద్రాసు నుంచే 1861 ఏప్రిల్ 17న నార్మన్ పాగ్సన్ ఒకదాన్ని కనిపెట్టాడు. ఈ ఖండం మీద నుంచి కనిపెట్టిన మొదటిది కాబట్టి దానికి ఆసియా అని పేరు పెట్టాడు. అప్పటికే దాని వరస సంఖ్య 67. ఇంకో అరవై ఏడు గ్రహాలు చేరిన సౌరకుటుంబాన్ని ఎవరు ఒప్పుకుంటారు? ఒకే దారిలో గుంపుగా తిరిగే చిన్న రాళ్లు ఇవి, వీటి జాతి వేరు అని క్రమంగా అందరికీ అర్థమైంది. సెరెస్ పక్కకు జరిగింది. ఎవరూ చేయెత్తలేదు, కార్డులు పంచలేదు. సాక్ష్యం పేరుకుంది, అంతే.

ప్లూటోకూ అదే జరగాల్సింది, జరుగుతూనే ఉండింది. 1930 ఫిబ్రవరి 18న ఫ్లాగ్‌స్టాఫ్‌లోని లోవెల్ వేధశాలలో క్లైడ్ టాంబా దాన్ని పట్టుకున్నప్పుడు భూమి అంత బరువుంటుందేమో అనుకున్నారు. అంచనా వేసిన ప్రతిసారీ అది చిక్కిపోతూ వచ్చింది. 1978లో జేమ్స్ క్రిస్టీ దాని చుట్టూ తిరిగే షారన్‌ను చూశాక అసలు బరువు తేలింది. భూమిలో నాలుగువందల యాభయ్యో వంతు. మన చంద్రుడిలో ఐదో వంతు కూడా లేదు. 1992లో డేవిడ్ జ్యూయిట్, జేన్ లూ అక్కడే ఇంకో వస్తువును చూశారు, తర్వాత వందలు, వేలు. 2005లో మైక్ బ్రౌన్ బృందం ఎరిస్‌ను బయటపెట్టింది. అది ప్లూటో కన్నా పావు వంతుకు పైగా బరువు. సెరెస్ కథే మళ్లీ. ప్లూటో ఒక గుంపులో ఒకటి.

ఇక్కడ శాస్త్రజ్ఞులు కంగారుపడ్డారు. ఎరిస్‌కు పేరు ఏ నిబంధనల కింద పెట్టాలో తేలడం లేదు, పత్రికలు పదో గ్రహం అని రాస్తున్నాయి. సంఘం ఓవెన్ గింగరిచ్ అధ్యక్షుడుగా ఏడుగురి కమిటీ వేసింది. నక్షత్రం చుట్టూ తిరుగుతూ తన బరువుతో తానే గుండ్రబడితే గ్రహమే అని ఆ కమిటీ చెప్పింది. అలా చేస్తే సెరెస్, షారన్, ఎరిస్‌లతో కలిపి పన్నెండవుతాయి. సభ్యులు తిరగబడ్డారు. కొన్ని రోజుల్లోనే ముసాయిదా తలకిందులైంది. చివరికి నెగ్గిన వాక్యానికి మూడు షరతులు: సూర్యుడి చుట్టూ తిరగాలి, గుండ్రంగా ఉండాలి, తన కక్ష్య చుట్టుపక్కలను ఖాళీ చేసి ఉండాలి.

మూడో షరతు చదవండి. ఎంత ఖాళీ చేస్తే ఖాళీ చేసినట్టు? వాక్యంలో లేదు. గురుడి దారిలో అతని ముందూ వెనకా నడిచే ట్రోజన్ రాళ్లు పది వేలకు పైగా తెలుసు. నెప్ట్యూన్ దారిని ప్లూటోయే దాటిపోతుంది. ఉన్నదున్నట్టు తీసుకుంటే గురుడూ గ్రహం కాకుండా పోతాడు. అలా అనుకోకూడదని మనకెలా తెలుస్తుంది? తీర్మానానికి అడుగున ఒక గమనిక ఉంది: ఎనిమిది గ్రహాలు ఇవి అంటూ బుధుడి నుంచి నెప్ట్యూన్ దాకా పేర్లు. నిర్వచనం ఎలా వాడాలో తెలియని చోట జవాబును పక్కనే అచ్చేశారు. గణితం పరీక్షలో పిల్లవాడు ఇలా చేస్తే ఏ టీచరైనా సున్నా వేస్తాడు.

నన్ను ఇంకా రగిలించే సంగతి ఏమిటంటే, కొలత అప్పటికే వాళ్ల చేతిలో ఉంది. 2000లోనే అలాన్ స్టెర్న్, హెరాల్డ్ లెవిసన్ ఒక సూత్రం ఇచ్చారు: ఒక వస్తువు తన దారిని శాసించగలదా లేదా అన్నది దాని బరువును, కక్ష్యను బట్టి లెక్కగట్టొచ్చు. 2006లోనే స్టీవెన్ సోటర్ ఇంకా తేలికైన లెక్క వేశాడు. తన దారిలో తిరిగే మిగతా సరుకంతా కలిపి తూచితే దానికి ఈ వస్తువు ఎన్ని రెట్లు? భూమి 17 లక్షల రెట్లు. ఎనిమిదింటిలో అందరికన్నా కింద ఉన్న కుజుడు కూడా ఐదు వేల రెట్లు. సెరెస్ మూడో వంతు. ప్లూటో పదో వంతు కూడా లేదు. ఐదు వేలకూ మూడో వంతుకూ మధ్య అంతా ఖాళీ. ప్రకృతే అక్కడ గీత గీసి పెట్టింది. ఆ ఒక్క అంకెను తీర్మానంలో రాసి ఉంటే చేతులు లెక్కపెట్టుకోవాల్సిన పనే ఉండేది కాదు. అరసికెరెలో ఎనిమిదో తరగతి పిల్ల కూడా తనే తీర్పు చెప్పగలిగేది.

మొదటి షరతు ఇంకా ఘోరం. సూర్యుడి చుట్టూ తిరగాలట. 1995లో మిషెల్ మాయోర్, డిడియే కెలో 51 పెగాసి నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహాన్ని కనిపెట్టారు, దానికే 2019లో నోబెల్ వచ్చింది. అలాంటివి ఇప్పుడు ఆరు వేలు దాటాయి. వాటిలో ఒకదానికి 2019లో మన దేశం తరఫున సంతమస అని పేరు పెట్టారు, అది ఏ నక్షత్రం చుట్టూ తిరుగుతుందో దానికి భౌతిక శాస్త్రవేత్త బిభా చౌధురి పేరు మీద బిభా అని. రెండు రోజుల చిల్లరలో ఒక చుట్టు తిరిగే, గురుడి కన్నా బరువైన వస్తువు అది. ప్రాగ్ వాక్యం దాని గురించి నోరెత్తదు, సౌరకుటుంబం గడప దాటదు కనక. బయటివాటికి సంఘమే 2018లో ఇంకో తాత్కాలిక నిర్వచనం రాసుకుంది. అందులో అంకెలున్నాయి: గురుడికి 13 రెట్లకు లోపు బరువు, తను చుట్టే నక్షత్రంలో ఇరవై ఐదో వంతు కన్నా తక్కువ. పరాయి నక్షత్రాల గ్రహాలకు అంకెలు, మన సూర్యుడి గ్రహాలకు పేర్లు. ఒకే మాటకు రెండు తక్కెడలు పెట్టుకున్న సంఘం, ఎవరైనా అడిగితే ఏం చెబుతుంది?

ఎదుటి పక్షం కూడా ఉంది. ఫిలిప్ మెట్జ్‌గర్ లాంటివాళ్లు, తర్వాతి రోజుల్లో ఆ అలాన్ స్టెర్న్ కూడా, దారితో పనేమిటి, వస్తువును చూడండి అంటారు. గుండ్రంగా ఉండి, లోపల భూగర్భ క్రియలుంటే గ్రహమే, చంద్రుళ్లయినా సరే. 2015 జులై 14న న్యూ హొరైజన్స్ ప్లూటో పక్కనుంచి దూసుకుపోతూ పంపిన బొమ్మల్లో నత్రజని మంచు మైదానాలు, నీటి మంచుతో నిలిచిన పర్వతాలు, నీలి పొగమంచు కనిపించాక ఆ వాదనకు బలం పెరిగింది. నేను దాన్ని తేలిగ్గా తీసేయను. చిన్న టెలిస్కోపులో పిల్లలకు శనిని చూపించిన రాత్రి ఒక పిల్ల వలయాలను చూసి, కన్ను తియ్యకుండానే, "అన్నా, పక్కన ఆ చుక్క ఏంది?" అనింది. టైటాన్ అన్నాను. శని చుట్టూ తిరుగుతుంది, బుధుడి కన్నా లావు, దానికి గాలి పొర కూడా ఉంది అన్నాను. "మరి అదెందుకు గ్రహం కాదు?" ఇంత సూటి ప్రశ్న ప్రాగ్ వాక్యంలో ఎక్కడా లేదు. టైటాన్ శని పట్టులో ఉంది, సొంత దారి లేదు, అందుకని కాదు అని చెప్పాను. దారిని లెక్కలోంచి తీసేస్తే ఈ జవాబు పోతుంది. ఇక గుండ్రదనం సంగతి: ఎంత గుండ్రం? హౌమియా కోడిగుడ్డులా సాగి ఉంది, వెస్టా గుండ్రానికి దగ్గర దగ్గరగా వచ్చి ఆగింది. వేల కోట్ల కిలోమీటర్ల దూరంలో నలుసులా కనిపించేదాని ఆకారం ఎవరు కొలుస్తారు? బరువైతే తూగుతుంది. చుట్టూ తిరిగేది ఒకటుంటే చాలు.

2024లో బరువునే కొలతగా పెట్టి చూపించారు. జాన్‌లుక్ మార్గో, బ్రెట్ గ్లాడ్‌మన్, టోనీ యాంగ్ కలిసి కొత్త నిర్వచనం ప్రతిపాదించారు. ఒక నక్షత్రం చుట్టూ గానీ, కొన్నిటి చుట్టూ గానీ, నక్షత్రపు శేషం చుట్టూ గానీ తిరగాలి. బరువు 1 తర్వాత 23 సున్నాలు పెట్టినన్ని కిలోలు దాటాలి. గురుడికి 13 రెట్లకు లోపు ఉండాలి. గుండ్రదనం గొడవ లేదు, ఆ బరువుంటే తనే గుండ్రబడుతుంది. సూర్యుడి పేరు లేదు, సంతమసకూ వర్తిస్తుంది. అదే ఏడాది ఆగస్టులో కేప్‌టౌన్‌లో సంఘం మహాసభ జరిగింది, ప్రాగ్ వాక్యం మాత్రం చెక్కు చెదరకుండా ఉండిపోయింది.

సంఘానికి మార్చుకోవడం చేతకాదా అంటే, చేతనవును. 2018లో హబుల్ నియమం పేరును హబుల్-లెమెత్ర్ నియమం అని మార్చాలా అని సభ్యులందరినీ ఎలక్ట్రానిక్ పద్ధతిలో అడిగారు. 11,072 మందిలో 4,060 మంది ఓటు వేశారు, నూటికి 78 మంది సరేనన్నారు. ఒక నియమం పక్కన ఒక మనిషి పేరు చేర్చడానికి నాలుగు వేల మంది. కోట్లాదిమంది పిల్లలు చదువుకునే గ్రహ నిర్వచనానికి 424 మంది. సిగ్గుపడాల్సిన అంకెలివి.

ఆ సంఘం మనకు పరాయిదేం కాదు. 1979 నుంచి 1982 దాకా దాని అధ్యక్షుడు వైను బప్పు, హైదరాబాదు నిజాం కాలేజీలో చదువుకున్నవాడు, నిజామియా వేధశాలలో పనిచేసినాయన కొడుకు. 1985లో మహాసభ ఢిల్లీలోనే జరిగింది. ఆయన పేరు పెట్టుకున్న కావలూరు వేధశాలలో 1988లో దొరికిన ఒక గ్రహశకలానికి రామానుజన్ పేరు పెట్టారు. ఇంత చరిత్ర ఉన్న దేశంలో ఖగోళ శాస్త్రజ్ఞులు ఈ వాక్యం విషయంలో గట్టిగా గొంతెత్తకపోవడం నాకు మింగుడు పడదు. తొమ్మిది గ్రహాల పేర రోజూ కోట్ల రూపాయల వ్యాపారం నడిచే దేశం మనది. గ్రహాన్ని తూచి చూపించే అంకె ఎవరికైనా కావాలంటే ముందు మనకు కావాలి.

2027లో రోమ్‌లో మళ్లీ మహాసభ. మన సభ్యులు అక్కడికి మార్గో బృందం ప్రతిపాదన పట్టుకుని వెళ్లాలి, అందులో లోపముంటే దిద్ది, ఇంకా మంచిది ఉంటే అదే పట్టుకుని వెళ్లాలి. అడుగున పేర్ల గమనిక లేని నిర్వచనం కావాలని, సభ్యులందరి ఓటు కావాలని అడగాలి. రెండు రాష్ట్రాల తెలుగు పాఠ్యపుస్తకాల వాళ్లు, మా కన్నడ పాఠ్యపుస్తకాల వాళ్లు రోమ్ దాకా ఆగనక్కర్లేదు. రంగు బొమ్మల పక్కన బరువుల వరస ఒకటి అచ్చెయ్యండి. 1 తర్వాత 22 సున్నాల కిలోలను ఒక పాలు అనుకుంటే బుధుడు 33, టైటాన్ 13.5, చంద్రుడు 7.3, ఎరిస్ 1.7, ప్లూటో 1.3, సెరెస్ 0.1 కన్నా తక్కువ. సూర్యుడి చుట్టూ కాక ఇంకొకదాని చుట్టూ తిరిగేవాటిని ముందు పక్కన పెట్టించండి. మిగిలినవాటిలో గీత ఎక్కడ గీస్తావు, ఎందుకు గీస్తావు అని అడగండి. బుధుడికీ ఎరిస్‌కూ మధ్య ఇరవై రెట్ల తేడా ఉందని పిల్లలే చెబుతారు. రేపు ఎరిస్ కన్నా బరువైనది ఏదైనా దొరికినా, దాన్ని ఎక్కడ పెట్టాలో వాళ్లు ఇంకెవరినీ అడగరు.